మనస్తత్త్వ పరిశోధన వార్త: తెలుగు క్రియాపదము

1872లో విలియం కింగ్ భారత భూగర్భ పరిశీలన శాఖ పక్షమున కడప, కర్నూలు ప్రాంతముల శిలాసంహతులను గూర్చి యొక విపుల నివేదికను ప్రకటించెను. నాటినుండి నేటివరకు మన యూళ్ల పేరు లా శాస్త్రమున నిలిచియున్నవి. వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట అనునవి భూగర్భ శాస్త్రజ్ఞులకు శిలాశ్రేణుల పేరులు. 'గండికోట క్వార్ట్‌జైటు' అన్నంతనే ఎఱ్ఱమల కొండలను పెన్న చీల్చుకొనిపోవు తావు వారికి స్ఫురించును. 'గండి' అను అచ్చతెలుగు మాట యిట్లు ప్రపంచ శాస్త్రవాఙ్మయమున చేరినది. విహారయాత్రల ప్రకటనలు మాత్ర మా తావునే 'భారతదేశపు గ్రాండ్ కాన్యన్' అని పిలుచుచున్నవి. కొండల నడుమ నది చేసికొన్న త్రోవకు గండియని మన పెద్దలు పేరిడి, ఆ పేరనే కోట కట్టుకొనియుండగా, అమెరికానుండి పేరు తెచ్చుకొనవలసిన యక్కఱ ఏమో మాకు బోధపడదు.

ఇచటి రాళ్లకు దొరకిన యీ గౌరవ మిచటి మనుష్యుల మనస్సులకు దొరకలేదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునందును, కడప యోగి వేమన విశ్వవిద్యాలయమునందును మనస్తత్త్వశాస్త్ర శాఖలు కలవు. అట్టి శాఖలలో పరిశోధన సాధారణముగా నడచు తీరు తెలిసినదే. పరిశోధక విద్యార్థి ఇంగ్లీషు ప్రశ్నావళి నొకదానిని తెలుగు చేసికొని పాఠశాలకో, కళాశాలకో, పల్లెకో పోవును. అడిగి, ఉత్తరములు వ్రాయించుకొని, వానిని అంకెలుగా మార్చి, సిద్ధాంతవ్యాసమును ఇంగ్లీషున సమర్పించును. ఈ త్రోవలో తెలుగున కొక్కమాఱే పని కలుగును: ప్రశ్న యడుగునపుడు. ఫలితము తెలుపునపుడు దానితో పనిలేదు. జమ్మలమడుగున ప్రశ్నావళి నింపిన బాలునికి తన యుత్తరము ఏమైనదో తెలియదు.

ఈ లోటును తీర్చుటకు పరిశోధక విద్యార్థులే తమంత తాము పూనుకొనుట యిటీవల కనబడుచున్నది. తాము చదివిన పరిశోధనలను, తమ శాస్త్రమున దినదినము వెలువడు వార్తలను వారు చిన్న వ్యాసములుగా తెలుగున వ్రాసి అంతర్జాలమున పంచుచున్నారు. ఇట్టి రచన పట్టమునకు లెక్కకు రాదు. కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగము 2018లో 'అవసర్' అను పేర పరిశోధక విద్యార్థుల జనరంజక వ్యాసములకు బహుమతులు ఏర్పరచినది గాని, విశ్వవిద్యాలయములలో మాత్రము ఇది యింకను తీరిక వేళల పనియే. సాహిత్యవిమర్శ యీ రచనలవైపు చూచుట యరుదు. మేము వీనిని గద్యముగా పరిశీలింప నెంచితిమి. గద్యముగా చూచినపుడే వీని బలమును, వీని వలన కలుగగల కీడును తెలియునని మా యభిప్రాయము.

తెలుగున శాస్త్రగద్యమునకు చరిత్ర లేకపోలేదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి శాస్త్రగ్రంథములకు పాఠకులను సంపాదించినది. మన కాలమున అణుశాస్త్రవేత్త కొడవటిగంటి రోహిణీప్రసాద్ (1949–2012), కాలిఫోర్నియాలో ఆచార్యులుగా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు, మదరాసు ఐ.ఐ.టి.లో మెదడు పనితీరును గూర్చి పరిశోధించు వి. శ్రీనివాస చక్రవర్తి మొదలైనవారు తెలుగు శాస్త్రరచనను అంతర్జాలమునకు కొనిపోయిరి. మనస్తత్త్వ విషయములయందు సామాన్య పాఠకునికి ఆసక్తి కలిగించినవి బి.వి. పట్టాభిరామ్ (మరణము 2025) వంటివారి వ్యక్తిత్వవికాస గ్రంథములు. ఇంతకాలమును మన చర్చ యంతయు పదముల చుట్టునే తిరిగినది: పారిభాషికపదము సంస్కృతమునుండి తేవలెనా, దేశ్యమున కల్పింపవలెనా, ఇంగ్లీషుమాటనే యుంచవలెనా? ఇది యవసరమైన చర్చయే. కాని మనస్తత్త్వ పరిశోధన వార్తయందు నామవాచకముకంటె క్రియాపదము ప్రమాదకరమైనది. దానిని చర్చించినవారు మాకు కనబడలేదు.

ప్రసిద్ధమైన యొక యుదాహరణమును తీసికొందము. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు శిశుపాఠశాలలో 1970 ప్రాంతమున వాల్టర్ మిషెల్ పిల్లలముందు మిఠాయి యుంచి, కొంతసేపు తినక యాగినచో రెండవది యిత్తునని చెప్పెను. ఆ పిల్లలలో కొందఱిని పెరిగిన పిదప మరల విచారింపగా, చిన్ననాడు ఎక్కువసేపు ఆగినవారికి కళాశాలా ప్రవేశపరీక్షలలో ఎక్కువ మార్కులు వచ్చినట్లు 1990లో ప్రకటింపబడెను. ఇది తెలుగున వార్తయగునపుడు సాధారణముగా దాల్చు రూపమిది: 'కోరికను అణచుకొను పిల్లలు జీవితమున రాణింతురు.' వ్యవహారభాషలో వ్రాయువారు 'రాణిస్తారు' అందురు.

ఇచట జరిగిన మార్పును గమనింపవలెను. పరిశోధకుడు చెప్పినది భూతకాలము: ఆ పిల్లలు ఆగిరి, వారికి మార్కులు వచ్చెను. వార్త చెప్పినది తద్ధర్మము. చిన్నయసూరి బాలవ్యాకరణమున తద్ధర్మార్థక క్రియను వేఱుగా నిరూపించెను; సూర్యుడు ఉదయించును, నిప్పు కాల్చును అనునట్టి స్వభావకథనమునకు అది తగినది. ఒకానొక శిశుపాఠశాలలో ఒకానొక కాలమున జరిగినదానిని 'రాణింతురు' అన్నంతనే అది నిప్పు కాల్చుటవంటి ప్రకృతిధర్మమై కూర్చున్నది. వ్యవహారభాషలో చిక్కింకను ఎక్కువ. గ్రాంథికమున 'చేయును', 'చేయగలడు' అను రూపముల భేదమైనను కలదు. వాడుకలో 'చేస్తాడు' అను నొక్క రూపమే స్వభావమును చెప్పును, రాబోవుదానిని కూడ చెప్పును. కావున 'రాణిస్తారు' అను మాటను ప్రొద్దుటూరిలో నొక తల్లి చదివినపుడు ఆమెకు వినబడునది జోస్యము. మిఠాయిని ఆపుకొనలేని తన బిడ్డ రాణింపడని ఆమె యర్థము చేసికొన్నచో తప్పు ఆమెది కాదు, ఆ క్రియాపదముది.

ఆ పరిశోధనకు తరువాత ఏమి జరిగినదో చూచినచో ఈ భేద మెంత యావశ్యకమో తెలియును. 2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హావొనాన్ క్వాన్ తొమ్మిదివందలకు మించిన పిల్లల వివరములతో దానిని మరల పరీక్షించిరి. తల్లులు కళాశాల చదువు ముగింపని పిల్లలపై వారు ముఖ్యముగా దృష్టి నిలిపిరి. ఆగుటకును తరువాతి చదువునకును గల సంబంధము మునుపు చెప్పినదానిలో సగమే కనబడెను. కుటుంబ పరిస్థితులను, ఇంటి వాతావరణమును, చిన్ననాటి బుద్ధిబలమును లెక్కలోనికి తీసికొన్న పిమ్మట అందును మూడింట రెండు వంతులు తగ్గిపోయెను. అంతకుముందే రాచెస్టర్ విశ్వవిద్యాలయమున సెలెస్ట్ కిడ్ మొదలగువారు 28 మంది పిల్లలతో మఱియొక ప్రయోగము చేసి 2013లో ప్రకటించిరి. మొదట బొమ్మలు వేసికొనుటకు మంచి సామగ్రి తెత్తునని చెప్పి, కొందఱికి తెచ్చియిచ్చిరి. కొందఱికి లేదని చెప్పిరి. పిదప మిఠాయి పరీక్ష పెట్టగా, మాట నిలువబడుట చూచిన పిల్లలు సగటున పండ్రెండు నిమిషములు ఆగిరి. మాట తప్పుట చూచినవారు మూడు నిమిషములు. ఆగకుండుట ఆ పిల్లలలో నిగ్రహలోపమని చెప్పుటకు వీలులేదు. వచ్చునన్న రెండవ మిఠాయి రాకపోవచ్చునని వారు అనుభవమువలన నేర్చిరి.

రాయలసీమ పాఠకునికి ఈ రెండవ ప్రయోగమును విప్పి చెప్పనక్కఱలేదు. వచ్చునన్న వాన రాని యేడులను చూచిన యింట, చేతికందినదానిని వెంటనే యనుభవించు పిల్లవానిని అవివేకి యనుట తగునా? 1970 ప్రాంతపు ఫలితమును తద్ధర్మముగా వ్రాసిన వ్యాసము ఆ పిల్లవానికి దోషమంటగట్టును. 2013 నాటి ఫలితమును భూతకాలమున, 28 మంది అను సంఖ్యతో సహా వ్రాసిన వ్యాసము అతని యుపాధ్యాయుని ఆలోచింపజేయును. రెండింటి విషయమొక్కటే, గద్యము వేఱు. ఈ రెండవ ప్రయోగమును సైతము 'పేదపిల్లలు మాటలను నమ్మరు' అని తద్ధర్మముగా వ్రాయు ప్రలోభము కలుగునని మేమెఱుగుదుము. అట్లు వ్రాసినచో మొదటి దోషమే మఱియొక వేషమున వచ్చును. పైగా ఆ ప్రయోగమున మాట తప్పినది పరిశోధకుడు. పిల్లల పేదఱికమును గూర్చి అది యేమియు చెప్పలేదు.

ఈ దోషము తెలుగువారికే పరిమితమైనది కాదు. జాస్మిన్ డిజీసస్, సూసన్ గెల్మన్ మొదలగువారు 2019లో 1,149 మనస్తత్త్వశాస్త్ర వ్యాసములను పరిశీలింపగా, 89 శాతము వ్యాసములలో ఫలితములను సర్వసామాన్య సత్యములుగా చెప్పు వాక్యము ఒక్కటైనను కనబడెను. అట్టి వాక్యములను చదివినవారు ఆ ఫలితములను మఱింత ముఖ్యమైనవిగా తలచిరి. అనగా మన విద్యార్థి తెలుగు చేయవలసిన మూలమునందే రోగ మున్నది. 2010లో జోసెఫ్ హెన్రిక్ మొదలగువారు చూపినట్లు, అప్పటి ప్రముఖ పత్రికలలోని మనస్తత్త్వ పరిశోధనలలో పాల్గొన్నవారిలో 96 శాతము పాశ్చాత్య పారిశ్రామిక దేశములవారు. ఆ దేశముల జనము ప్రపంచ జనాభాలో 12 శాతము. 'మనుష్యుడు ఇట్లు చేయును' అను వాక్యములోని ఆ మనుష్యుడు తఱచుగా అమెరికా కళాశాల విద్యార్థియే. అతనిని తెలుగు వాక్యమున 'మనము' అని వ్రాయుట వార్తారచయితలకు అలవాటైనది. 'మన మెదడు ఇట్లు చేయును' అను శీర్షిక చూచినప్పుడెల్ల ఆ 'మన' యెవరిదని మేమడుగ దలచుదుము.

అతిశయోక్తి లేనిచో వార్తను ఎవరును చదువరని కొందఱందురు. దీనికి ఆధారము లేదు. కార్డిఫ్ విశ్వవిద్యాలయపు పెట్రాక్ సమ్నర్, క్రిస్ చేంబర్స్ మొదలగువారు బ్రిటిషు విశ్వవిద్యాలయములు 2011లో వెలువరించిన 462 పత్రికాప్రకటనలను పరిశీలించి 2014లో తమ ఫలితములను ప్రకటించిరి. సంబంధమును కారణముగా పెంచి చెప్పిన ప్రకటనలు 33 శాతము. ప్రకటనలో అట్టి యతిశయోక్తి యున్నపుడు దానిని ఆధారముగా గొన్న వార్తలలో 81 శాతమునందు అదియే కనబడెను. లేనపుడు 18 శాతమునందు మాత్రమే. అతిశయోక్తి చేసినంతమాత్రమున పత్రికలలో ఎక్కువ చోటు దొరకినట్లు మాత్రము తేలలేదు. కల్పన చాలవఱకు విశ్వవిద్యాలయపు గడపలోపలనే పుట్టుచున్నదని ఈ పరిశోధన తెలిపినది. గడపలోపల నున్న పరిశోధక విద్యార్థియే వార్త వ్రాయునపుడు అతనికి గల సౌకర్యమిచటనే యున్నది. పత్రికాప్రకటనను విడిచి అతడు మూలవ్యాసమును చదువగలడు. పద్ధతులను వివరించు భాగమున ఎందఱిని, ఎచట, ఎట్లు ఎన్నుకొనిరో చూడగలడు. ఆ భాగమును చదివియు దానిని వ్యాసమున చేర్పకుండువానిని క్షమించుట కష్టము.

దగ్గఱి యుదాహరణ మొకటి చూతము. బెంగుళూరి నిమ్‌హాన్స్ సంస్థ 2015–16లో జాతీయ మానసికారోగ్య సర్వేను నడపెను. పెద్దలలో 10.6 శాతమునకు సర్వే కాలమున ఏదో యొక మానసిక రుగ్మత యుండెనని, రుగ్మతనుబట్టి 70 నుండి 92 శాతము వఱకు రోగులు చికిత్సకు దూరముగా నుండిరని ఆ నివేదిక తెలిపినది. దీనినుండి 'ప్రతి పదిమంది తెలుగువారిలో నొకరికి' అని వ్రాయుటకు చేయి వేగిరపడును. కాని ఆ సర్వే పండ్రెండు రాష్ట్రములలో జరిగినది. తమిళనాడు, కేరళ, ఛత్తీస్‌గఢ్ అందున్నవి; ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు లేవు. పొరుగువారిని చూచి మన స్థితిని ఊహింపవచ్చును, ఊహయని చెప్పి యూహింపవలెను. 'ఉన్నది', 'ఉండవచ్చును' అను రెండు రూపములు మన భాషలో శతాబ్దులుగా కలవు. రెండవదానిని వాడుట రచయితకు చిన్నతనము కాదు.

'అట' యను మాటనుగూడ ఇచట స్మరింపవలసియున్నది. తాను చూడనిదానిని, ఒరులవలన విన్నదానిని చెప్పునపుడు తెలుగువాడు 'అట' చేర్చును. పరిశోధన వార్త యంతయు ఒరులు చూచినదానిని చెప్పుటయే గనుక ఈ యవ్యయము దానికి సహజమైనదని తోచును. అయినను దాని నిచట వాడరాదనియే మా నిర్ణయము. వాడుకలో 'అట'కు విన్నదానిని నమ్మనితనము, ఒక్కొక్కపుడు వెక్కిరింతయు అంటుకొన్నవి. 'ఆగిన పిల్లలకు మార్కులు వచ్చెనట' అన్నచో పాఠకుడు నవ్వి పేజీ త్రిప్పును. చూచినవారి పేరు చెప్పి 'అని వారు కనుగొనిరి' అనుట మేలు. సందేహమును నిలుపవలెను, పరిహాసమును రానీయరాదు.

ఇక పదముల మాట. ఇంగ్లీషున డిప్రెషన్ అనుదానికి 'కుంగుబాటు' పత్రికలలో స్థిరపడినది. అది మంచి మాటయే. కాని ఊళ్లలో దిగులు, బెంగ, గుబులు, చింత యను మాటలు కలవు. వీనిలో నేదియు ఒండొంటికి సమానము కాదు. బెంగకు వస్తువుండును: తల్లిమీద బెంగ, ఊరిమీద బెంగ. గుబులు రాబోవుదానిని గూర్చినది. దిగులు వచ్చి పోవును. వ్యాసకర్త వీని నన్నింటిని ఒక్క కుంగుబాటుగా చుట్టివైచిన, వేరుసెనగ పంట యెండిన వారమున రైతునకు కలిగిన దిగులును రోగమగును. నెలల తరబడి నిద్రలేనివాని రోగమును దిగులే యగును. రెండు విధముల నష్టమే.

2001లో ప్రకటింపబడిన తొమ్మిది ప్రశ్నల పట్టిక, పి.హెచ్.క్యు.–9 అనునది, అంతర్జాలమున తఱచుగా చేతులు మాఱుచుండును. ఒక్కొక్క ప్రశ్నకు 0 నుండి 3 వఱకు మార్కులు, మొత్తము 27. 10 గాని అంతకు మించి గాని వచ్చినచో వైద్యుడు లోతుగా విచారింపదగునని దాని యుద్దేశము. అది రోగనిర్ణయము కాదు, జల్లెడ. ప్రశ్నలన్నియు 'గత రెండు వారములలో' అను మాటతో ముడిపడియున్నవి. ఆ మాట జాఱిపోయిన తెలుగు పట్టికయందు ఎవరికైనను పది మార్కులు రావచ్చును. ఇంకొక సూక్ష్మము: ఉత్తరములలో నొకటి సగముకంటె ఎక్కువ దినములు అని. దీనిని అక్షరానువాదముగా 'సగం రోజుల కంటే ఎక్కువ' అన్నచో పూటకు పైగా అని కూడ అర్థమగును. 'పదునాలుగు రోజులలో ఏడింటికి మించి' అన్నచో చిక్కు తీఱును. పట్టిక క్రింద వైద్యుని చూడుడని యూరకుండక, 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ–మానస్ సంఖ్య 14416ను అచ్చువేయుట అట్టి వ్యాసమున అలంకారముకాదు, అవయవము.

పులివెందుల ప్రాంతపు పైడిపాలెమున 1922లో జన్మించిన రాచమల్లు రామచంద్రారెడ్డిగారు 'అనువాద సమస్యలు' వ్రాసి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును పొందిరి. అనువాదమునకు శాస్త్రీయముగా విమర్శ యుండదగునని తెలుగువారికి చూపిన గ్రంథ మది. పరిశోధన వార్తయు ఒక విధమైన అనువాదమే కావున మేము దాని పరీక్షకొక యుపాయమును సూచింతుము. ఆ యుపాయము మనస్తత్త్వశాస్త్రజ్ఞులదే. ఒక ప్రశ్నావళిని వేఱుభాషలోనికి మార్చునపుడు, మూలము చూడని మఱియొకనిచేత దానిని తిరిగి మూలభాషలోనికి మార్పించి రెండింటిని పోల్చు పద్ధతిని 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ విపులీకరించెను. మన విద్యార్థులు ప్రశ్నావళికి ఈ పరీక్ష పెట్టుదురు. వార్తావ్యాసమునకు పెట్టరు.

మిఠాయి వార్తకు దానిని పెట్టి చూడుడు. 'కోరికను అణచుకొను పిల్లలు జీవితమున రాణింతురు' అను వాక్యమును ఇంగ్లీషున తిరిగి వ్రాసినవానికి స్టాన్‌ఫర్డు దొరకదు, సంఖ్య దొరకదు, ఏండ్లు దొరకవు. 'జీవితమున రాణించుట' యనగా పరీక్షలో మార్కులని వాడు కలనైన నూహింపడు. 'స్టాన్‌ఫర్డు శిశుపాఠశాలలో 1970 ప్రాంతమున పరీక్షింపబడిన పిల్లలలో కొందఱిని పెద్దయిన పిదప విచారింపగా, ఎక్కువసేపు ఆగినవారికి కళాశాలా ప్రవేశపరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చినట్లు తేలెను. 2018లో ఇంకను ఎక్కువమంది పిల్లలలో చూడగా ఆ సంబంధము చాలవఱకు బలహీనపడెను' అను వాక్యమును వాడు తిరిగి వ్రాసినచో దాదాపు అంతయు నిలుచును. వాక్యము పొడవైనదను ఆక్షేపణ రావచ్చును. తెలుగు వాక్యమునకు క్త్వార్థక, చేదర్థకములతో దీర్ఘముగా సాగియు చెదరని గుణము కలదు. పల్లెలో నొక తగవును వినిపించు ముసలివాడు ఇంతకంటె పొడవైన వాక్యమును తడబడక చెప్పును, ఎవరు చూచిరి, ఏనాడు, ఎచట అను వివరములను ఒక్కటియు విడువడు.

తన సిద్ధాంతవ్యాసమునకై జమ్మలమడుగు పాఠశాలలలో ఉత్తరములు సేకరించిన విద్యార్థి, పట్టము వచ్చిన పిదప ఆ ఫలితమును ఇట్టి వాక్యములతో రెండు పుటలు తెలుగున వ్రాసి ఆ పాఠశాలకే పంపుట కష్టమైన పని కాదు. తరగతి, ఏడు, ఎందఱు, ఏమి యడిగితిమి, ఏమి కనబడెను, ఏమి కనబడలేదు: ఇంతమాత్రము చాలును. శిలాశ్రేణికి పులివెందుల పేరు పెట్టినట్లు, ఆ రెండు పుటలలో ఊరి పేరుండవలెను, పిల్లల పేరులుండరాదు.